గొడుగు వేలాడే గది

కిరీటి కట్టిన గదిలోంచి ఎవరూ బయటపడలేకపోతున్నారు.

గదంటే ఇటుకలు పేర్చి కట్టింది కాదు, కంప్యూటర్ ఆటలో గది. కాకినాడ జగన్నాథపురంలో ఒక సైకిల్ కొట్టు పైన, మేడమీద, ముగ్గురు మనుషులు కూర్చుని అడ్వెంచర్ గేములు తయారుచేస్తుంటారు. వాటిలో తుపాకులుండవు, పరుగుపందేలుండవు. ఆడేవాళ్ళు ఒక కథలోకి దిగి, కనిపించిన వస్తువునల్లా కదిపి చూసి, బుర్రకి పని చెప్పి, మూసి ఉన్న తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటూ పోవాలి. ఈ రోజుల్లో ఇలాంటి ఆటలకి గిరాకీ అంతంతమాత్రం. అయినా వీటికోసం చెవికోసుకునేవాళ్ళు కొందరున్నారు. ఆ కొందరికోసమే ఈ ముగ్గురూ.

ముగ్గురిలో పెద్దావిడ నూకరత్నం గారు. పెద్ద పెద్ద కంపెనీల్లో ఆటలు కట్టి కట్టి విసుగెత్తి, సొంతూరు వచ్చేసి ఈ స్టూడియో పెట్టారు. ఆవిడ మాట పొదుపు. బాగుందంటే ఆ వారమంతా పండగే, బాగాలేదని మాత్రం ఎప్పుడూ అనరు, ఊరుకుంటారు. రెండో మనిషి మస్తాన్. బొమ్మలు గీసేదీ అతనే, ప్రోగ్రాం రాసేదీ అతనే. మూడోవాడు కిరీటి. పజిళ్ళు అల్లడం అతని పని. రత్నం గారి దగ్గర ఈ విద్య నేర్చుకోవాలని హైదరాబాదులో మంచి ఉద్యోగం వదిలేసి వచ్చాడు. ఆ సంగతి తను మర్చిపోడు, మిగతా ఇద్దరినీ మర్చిపోనివ్వడు.

ఇప్పుడు కడుతున్నది ఒక దీపస్తంభం కథ. సముద్రం ఒడ్డున పాత దీపస్తంభం, దాన్ని చూసుకునే ఒక ముసలాయన. విడవకుండా వానలు పడుతున్న రోజుల్లో ఆయన కనిపించకుండా పోయాడు. వానలో బయటికెళ్ళి అలల్లో కొట్టుకుపోయాడని ఊరంతా తీర్మానించేసింది. మనవరాలికి నమ్మకం కుదరక వెతుక్కుంటూ వస్తుంది. ఆట ఆడేవాళ్ళే ఆ మనవరాలన్నమాట. ముందు అడుగుపెట్టేది కింద ఉన్న ముసలాయన గదిలో. అక్కడ పైకెళ్ళే మెట్లు ఎక్కడున్నాయో కనిపెట్టాలి. కనిపెట్టకపోతే ఆట అక్కడితో సరి. ఆ గదిని కిరీటి రెండేళ్ళుగా కడుతున్నాడు.

చిత్రమేమిటంటే, ఆఫీసుకొచ్చి ఆడినవాళ్ళందరికీ ఆ మెట్లు దొరికాయి. పక్క వీధి కోచింగ్ సెంటరువాళ్ళకి దొరికాయి, మస్తాన్ పిన్నికూతురికి దొరికాయి, సైకిల్ కొట్టు యజమాని అల్లుడికి కూడా దొరికాయి. ఆ అల్లుడు తన బతుకులో ఆడింది పేకాట ఒక్కటే. అందరూ కాసేపు తికమకపడ్డారు, ఆ తర్వాత నవ్వుకుంటూ పైకెక్కేశారు. ఆ ధైర్యంతో ఆటని వేరే ఊళ్ళలో ఉన్న కొందరికి పంపించి, ఇంట్లో తీరిగ్గా ఆడి చూడమన్నారు. వాళ్ళలో ఒక్కరూ మెట్లెక్కలేదు. గదిలో గిరగిరా తిరిగి, విసిగిపోయి, ఆట మూసేసి ఎవరి పని వాళ్ళు చూసుకున్నారు.

కిరీటి కారణం ఇట్టే కనిపెట్టేశాడు. తప్పు ఆడినవాళ్ళది. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో మౌసు పట్టుకుని ఆడితే ఏం కనిపిస్తుందన్నాడు. ఇక్కడికొచ్చి కూర్చున్నవాళ్ళు మనసుపెట్టి ఆడారు కాబట్టి గెలిచారన్నాడు. పైగా వాళ్ళకి తను ఒక్క ముక్క సాయం చెయ్యలేదు, కావాలంటే మస్తాన్‌ని అడగమన్నాడు.

అందులో అబద్ధం లేదు. ఎవరైనా ఆడుతున్నప్పుడు, కట్టినవాళ్ళు వెనక కూర్చుని చూడొచ్చు గానీ నోరు మెదపకూడదు. అది ఆ స్టూడియోలో నియమం. ఆడేవాళ్ళు దారి తప్పనీ, తల పట్టుకోనీ, జవాబుని రాసుకుంటూ వెళ్ళిపోనీ, ఊరుకోవాలి. చెప్పినంత తేలిక కాదది. మస్తాన్ ఒకటి రెండుసార్లు తట్టుకోలేక 'అటు కాదండీ' అనేసి నాలుక్కరుచుకున్నాడు. కిరీటి మాత్రం ఏనాడూ తప్పలేదు. తన చెక్క స్టూలు లాక్కుని వెనక కూర్చునేవాడు. మోకాలు ఆడిస్తూ ఉంటాడు కాబట్టి కింద స్టూలు కిర్రుకిర్రుమంటూ ఉండేది, నోట్లోంచి మాత్రం చప్పుడు వచ్చేది కాదు. ఆ నిగ్రహానికి అతనికి కొంచెం గర్వం కూడా.

మస్తాన్‌కి ఈ తర్కాలతో పని లేదు. విడుదల తేదీ ప్రకటించేశారు, అది దగ్గరపడుతోంది. గది తీసేసి, ఆడేవాళ్ళని సరాసరి మెట్ల దగ్గర దింపేద్దామన్నాడు. ఎవరికీ తెలియదు, ఎవరికీ లోటు ఉండదు, ఒక్క పూట పని అన్నాడు.

కిరీటి మొహం మాడిపోయింది. గది తీసేస్తే తనూ ఉండనన్నాడు. అరిచి అనలేదు, మామూలుగానే అన్నాడు. అందుకే మిగతా ఇద్దరికీ అది నిజమని తెలిసింది.

రత్నం గారు అంతా విని, "రేపు నేను ఆడతాను" అన్నారు.

ఇద్దరూ చేస్తున్న పని ఆపేశారు. ఆ మాట ఎంత బరువైనదో ఆ పని చేసేవాళ్ళకే తెలుస్తుంది. ఆట కట్టేవాళ్ళకి అన్నిటికంటే అపురూపమైనది, జవాబు తెలియని మనిషి. ఒకసారి జవాబు తెలిసిపోయాక ఆ మనిషి ఇక పనికిరాడు. ఎంత మంచివాడైనా, ఎంత తెలివైనవాడైనా తెలియనట్టు మళ్ళీ కూర్చోలేడు. అందుకే రత్నం గారు శిష్యుల పజిళ్ళ జోలికి పోరు. కిరీటీ మస్తానూ ఆ గది గురించి మాట్లాడుకుంటుంటే లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయేవారు. తన తెలియనితనాన్ని కొత్తావకాయ జాడీకి వాసెన కట్టి దాచినట్టు ఇన్నాళ్ళూ దాచుకున్నారు. ఇప్పుడు దాన్ని తెరుస్తానంటున్నారు.

కిరీటికి ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. భయం వల్ల కాదు, సంతోషం వల్ల. ఈ ఊరు వచ్చిన దగ్గర్నుంచీ ఎదురుచూస్తున్నది ఈ రోజుకోసమే. చూడగలిగినవాళ్ళు చూస్తే ఆ గదిలో ఏముందో తెలుస్తుందని అతని నమ్మకం. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, కంప్యూటర్ తెరని తన రుమాలుతో తుడిచి, కిటికీ తెర దించి, రత్నం గారి కుర్చీ సర్ది పెట్టాడు. తన స్టూలు వెనకాల ఎప్పుడూ ఉండే చోటే వేసుకున్నాడు.

ఆవిడ వచ్చి కూర్చున్నారు. కూర్చుని, కుర్చీని వెనక్కి తిప్పేశారు. ఇప్పుడు ఆవిడ వీపు తెరవైపు, మొహం కిరీటి వైపు. ఆట మొదలుపెట్టమని, మౌసు పట్టుకోమని మస్తాన్‌కి చెప్పారు. గదిలో ఎడమవైపు నుంచి ఒక్కో వస్తువు మీదికీ మౌసు బాణాన్ని మెల్లగా పోనిమ్మన్నారు. ఏ వస్తువో మాత్రం చెప్పొద్దన్నారు.

కిరీటికి అర్థం కాలేదు.

"మేడం, మీరు అటు తిరగాలండి. చూడకుండా ఎలా ఆడతారు?"

"నువ్వు చూస్తున్నావుగా" అన్నారావిడ.

వేళాకోళం అనుకుందామంటే పని దగ్గర ఆవిడ వేళాకోళమాడరు. అతనికి కోపం వచ్చింది, బాధా వేసింది. మొదటిసారి ఆడటం అనేది ఒక్కసారే కుదురుతుందని నేర్పింది ఆవిడే కదా. దాన్ని ఇలా పాడుచెయ్యొద్దని బతిమాలాడు. ఆవిడ కానివ్వమని మస్తాన్‌కి సైగ చేశారు.

బాణం కదిలింది. బల్ల మీదికి వెళ్ళింది, కిరసనాయిలు డబ్బాల మీదికి వెళ్ళింది, మూలనున్న వల మీదికి వెళ్ళింది. కిరీటి మోకాలు తన మానాన తను ఆడుతోంది. కింద స్టూలు కిర్రుకిర్రుమంటోంది. బాణం గోడనున్న అద్దం మీదుగా పోయి, దాని పక్కన చిలక్కొయ్యకి వేలాడుతున్న గొడుగు మీదికి వచ్చింది.

కిర్రుమనడం ఆగిపోయింది.

"అదే" అన్నారు రత్నం గారు.

మస్తాన్ నొక్కాడు. గొడుగు మనవరాలి చేతిలోకి వచ్చింది. కిరీటి తల దించి తన మోకాలి వంక చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ నోరు కుట్టుకుని కూర్చున్నాడు గానీ, వచ్చినవాళ్ళందరికీ దారి చెబుతున్న కాలిని ఎవరూ కుట్టుకోమనలేదు. రెండు చేతులతో మోకాలు గట్టిగా పట్టుకుని, పళ్ళు బిగించి, మొహం చెక్కలా పెట్టుకున్నాడు. ఈసారి ఎలా కనిపెడతారో చూద్దామనే పట్టుదల వచ్చేసింది అతనికి. అది తన గదికి తనే ఎదురు తిరగడమని ఆ క్షణంలో తోచలేదు.

గొడుగు తీస్తే చాలదు, నొక్కాల్సింది ఇంకా ఒకటి మిగిలింది. బాణం మళ్ళీ మొదటి నుంచి బయల్దేరింది. బల్ల, డబ్బాలు, వల, అద్దం. రత్నం గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆసుపత్రిలో రోగిని చూసినట్టు అతని మొహం చూస్తున్నారు. కిరీటి అందరిలాగే కళ్ళు ఆర్పుతున్నాడు. బాణం చిలక్కొయ్య మీదికి రాగానే ఆర్పడం మానేశాడు.

"అదే."

మస్తాన్ కొయ్యని లాగాడు. అది గోడకి కొట్టిన కొయ్య కాదు, తలుపు పిడి. గోడ చెక్కపలకలు కిర్రున తెరుచుకున్నాయి, స్పీకర్లలోంచి సముద్రపు గాలి హోరు వచ్చింది. రత్నం గారు వెనక్కి తిరగలేదు.

"ఏం తీశాను నేను?" అని అడిగారు.

గొడుగు తీశారని మస్తాన్ చెప్పాడు. గొడుగే ఎందుకని ఆవిడ మళ్ళీ అడిగారు, ఈసారి కిరీటిని.

కిరీటి చెప్పాడు. అవమానంతో మొదలుపెట్టాడు గానీ, చెబుతూ చెబుతూ అవమానం సంగతి మర్చిపోయాడు. బయట విడవని వాన. ముసలాయన వానలో బయటికెళ్ళాడని ఊరంతా అంటోంది. కానీ గొడుగు కొయ్యకే ఉంది, పొడిగా ఉంది. ముసలాయన గొడుగు లేకుండా గడప దాటే మనిషి కాదు. అంటే అసలు బయటికే వెళ్ళలేదు. ఊరు ఊరంతా ఆయనకోసం సముద్రం వంక చూస్తుంటే ఆయన పైన దీపం దగ్గర ఉన్నాడు. జ్వరంతోనో, లేవలేకో, ఎవరైనా వస్తారని చూస్తూ ఉన్నాడు. గొడుగుని అందరూ చూస్తారు, అది అక్కడే ఉందేమిటని మనవరాలు ఒక్కతే అనుకుంటుంది.

మస్తాన్ మౌసు వదిలేసి ఇటు తిరిగాడు.

"ఆ గది గీసింది నేను. ఇన్నాళ్ళూ ఇది నాకు చెప్పలేదేంట్రా?"

చెప్పేదేముంది, కనిపిస్తూనే ఉందిగా అనబోయాడు కిరీటి.

అప్పుడు రత్నం గారు కుర్చీ తిప్పి, ఆ గదిని మొదటిసారి చూశారు. మస్తాన్ ఆటని మళ్ళీ మొదటికి తెచ్చి పెట్టాడు. ఆవిడ చాలాసేపు చూశారు.

"ఇప్పుడు చెప్పావే, అదంతా ఇందులో ఎక్కడుందో చూపించు" అన్నారు.

కిరీటి లేచి వచ్చి తెరమీద గొడుగు దగ్గర వేలు పెట్టాడు. నల్ల గుడ్డ గొడుగు, వంకీ పిడి. తడిగా లేదు. పొడిగానూ లేదు. ఏ గొడుగైనా అలాగే ఉంటుంది. వేలు కిటికీ దగ్గరికి పోయింది. కిటికీ బయట బూడిదరంగు ఆకాశం ఉంది, వాన లేదు. ఆ గదిలోకి వచ్చినప్పుడల్లా పెంకుల మీద వాన చప్పుడు వినేవాడు కిరీటి. ఆ చప్పుడు స్పీకర్లలోంచి ఏనాడూ రాలేదు. వేలు కిటికీ నుంచి క్యాలెండర్ దగ్గరికి పోయింది. అందులో శ్రావణమాసం అని నువ్వుగింజలంత అక్షరాలు. అతను తెలుసు కాబట్టి చదివాడు, ఇంకెవరూ చదవలేరు. కాసేపటికి వేలు తెరమీంచి కిందికి దిగిపోయింది.

రత్నం గారు లేచి తన బల్ల దగ్గరికి వెళ్ళి పని చూసుకున్నారు. గది ఉంచమనీ అనలేదు, తీసెయ్యమనీ అనలేదు.

మధ్యాహ్నం కిరీటి అన్నానికి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. రేవు వైపు నడుచుకుంటూ పోయి ఉప్పుటేరు గట్టున కూర్చున్నాడు. ఆవిడ తన ఒక్క మొదటిసారినీ ఆటకి కాకుండా కిరీటి మొహం చదవడానికి ఖర్చుపెట్టేశారు. హైదరాబాదులో పాత మేనేజరుకి ఫోను చేద్దామని నంబరు తీశాడు. తనకింకా ఆ ఉద్యోగం ఇస్తారని తెలుసు. తెర ఆరిపోయేదాకా ఆ నంబరు వంక చూసి, ఫోను జేబులో పెట్టుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు వచ్చి, బొమ్మలో వాన కురిపించగలవా అని మస్తాన్‌ని అడిగాడు.

ఆ తర్వాతి రోజుల్లో గదిలోంచి చాలా వస్తువులు వెళ్ళిపోయాయి. క్యాలెండర్ పోయింది. వస్తువుల మీద నొక్కితే వచ్చేలా కిరీటి ముచ్చటపడి రాసుకున్న చమత్కారపు మాటలు చాలావరకు పోయాయి. పెంకుల మీద వాన వచ్చింది. మనవరాలి చేతికి ఒక గొడుగు వచ్చింది. లోపలికి అడుగుపెట్టగానే ఆ గొడుగు ఎక్కడైనా పెట్టుకోవాలి, అందుకని తాత గొడుగు పక్కన నిజమైన గోడకి నిజమైన కొయ్య ఒకటి వచ్చింది. మనవరాలి గొడుగు అక్కడ తగిలిస్తే దాని కింద నీళ్ళు చుక్కచుక్కగా పడి మడుగు కడతాయి. తాత గొడుగు కింద నేల మీద దుమ్ము, దుమ్ము మీద ఒక చీమలబారు. అంతే.

తాత గొడుగు పొడిగా ఉందేమిటని ఆ పిల్ల చేత ఒక్క మాట అనిపిద్దామా, లేకపోతే ఎవరికి తెలుస్తుందన్నాడు మస్తాన్. కిరీటి చాలాసేపు ఆలోచించి వద్దన్నాడు. అలా అన్నందుకు వారమంతా భయపడ్డాడు కూడా.

విడుదల తేదీ ఇంకొన్నాళ్ళకి జరిగింది. జరిపింది ఎవరో అతను అడగలేదు.

కొత్త మనిషి కావాలి, జవాబు తెలియని మనిషి. ఆసుపత్రిలో నర్సుగా చేసే ఎస్తేరమ్మ అని మస్తాన్ వాళ్ళ వీధిలో ఉంటుంది. ఇలాంటి ఆటలంటే ప్రాణం. సెలవురోజు చూసుకుని పొద్దున్నే వచ్చింది. కిరీటి ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, అలవాటుగా స్టూలు లాగబోయాడు. లాగలేదు. మస్తాన్‌ని కూడా లేవదీసుకుని బయటికి వచ్చి, తలుపు దగ్గరికి వేశాడు. మస్తాన్ టీ తాగొస్తానని కిందికి దిగిపోయాడు. కిరీటి మేడమెట్ల మీద కూలబడ్డాడు.

కాసేపటికి రత్నం గారు కూడా వచ్చి పై మెట్టు మీద కూర్చున్నారు.

లోపల్నుంచి వాన చప్పుడు సన్నగా వినిపిస్తోంది. మౌసు నొక్కిన చప్పుడు ఎప్పుడో ఒకటి. తర్వాత అదీ లేదు. ఎంతసేపు గడిచిందో కిరీటికి తెలియలేదు. మోకాలు ఆడుతోంది, ఆడితే ఆడనీ అనుకున్నాడు. ఈవిడా అక్కడే ఆగిపోయినట్టుంది, ఇక ఈ గది తీసేద్దామని తనే మస్తాన్‌తో చెప్పాలి. తీసేసినా తను ఇక్కడే ఉంటాడు. ఆ సంగతి ఎప్పుడు తేలిపోయిందో గానీ మనసులో తేలిపోయింది. దుఃఖంగా ఉంది, తేలిగ్గానూ ఉంది.

లోపల ఎస్తేరమ్మ గొంతు వినిపించింది. ఎవరితోనూ అంటున్నట్టు లేదు. ఒక్కతే ఉన్న మనిషి తనలో తను అనుకున్నట్టు ఉంది.

"అయ్యో తాతా, నువ్వసలు వాకిలి దాటలేదు కదయ్యా."

కిరీటి ఒక్క ఉదుటున లేచి తలుపు మీద చెయ్యి వేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపలికి వెళ్ళి ఏం చేద్దామనుకున్నాడో అతనికే తెలియదు.

"కూర్చో" అన్నారు రత్నం గారు. "ఇప్పుడు ఆవిడ దగ్గర ఆ తాత ఉన్నాడు."